ఆంధ్రప్రదేశ్ చరిత్రలో డిసెంబరు 9-15 వారం

ఆంధ్రప్రదేశ్ చరిత్రలో డిసెంబరు 9 నుండి 15 వరకు గల ఏడు రోజుల వారానికి ప్రత్యేక స్థానం ఉన్నది. 1952 లో ఈ వారంలోనే పొట్టి శ్రీరాములు ఆంధ్ర రాష్ట్రం కొరకు నిరాహారదీక్ష చేస్తూ మదరాసులో ప్రాణత్యాగం చేశాడు. 1955 లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. 1973 లో రాష్ట్రపతి పాలన ముగిసి కొత్త ప్రభుత్వం ఏర్పడింది. 1994 లో మద్యనిషేధ వాగ్దానంతో గెలిచిన ప్రభుత్వం అధికారం చేపట్టింది. 2009 లో తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఈ సంఘటనలలో అధిక భాగం ఏదో ఒక వాగ్దానానికి లేదా ప్రకటనకు సంబంధించినవి. ఆ వాగ్దానాలు ఎంత కాలానికి, ఏ రూపంలో అమలైనవో పరిశీలిస్తే 1952 నుండి 2014 వరకు రాష్ట్ర చరిత్ర స్థూలంగా అర్థమవుతుంది.

పరిధి

ఈ వ్యాసంలో "ఆంధ్రప్రదేశ్ చరిత్ర" అనే మాటను విస్తృతార్థంలో వాడడమైనది. 1953 సెప్టెంబరు 30 వరకు కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసు రాష్ట్రంలో భాగంగా ఉండేవి. 1953 అక్టోబరు 1 నుండి 1956 అక్టోబరు 31 వరకు అవి ఆంధ్ర రాష్ట్రంగా ఉన్నవి. ఆ కాలంలో తెలంగాణ జిల్లాలు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. 1956 నవంబరు 1 న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014 జూన్ 2 న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైంది. అందువలన ఈ వారపు సంఘటనలలో కొన్ని నేటి ఆంధ్రప్రదేశ్ కు, కొన్ని తెలంగాణకు, కొన్ని రెండింటికీ చెందుతాయి.

వారంలోని ముఖ్య సంఘటనలు

* డిసెంబరు 9, 2009: తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియపై కేంద్ర హోంమంత్రి పి.చిదంబరం ప్రకటన.
* డిసెంబరు 10, 1955: నాగార్జునసాగర్ ఆనకట్టకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన.
* డిసెంబరు 10, 1973: ముఖ్యమంత్రిగా జలగం వెంగళరావు పదవీ స్వీకారం.
* డిసెంబరు 11, 2018: తెలంగాణ రెండవ శాసనసభ ఎన్నికల ఫలితాలు.
* డిసెంబరు 12, 1994: ముఖ్యమంత్రిగా ఎన్.టి.రామారావు పదవీ స్వీకారం.
* డిసెంబరు 15, 1933: చిత్రకారుడు, చలనచిత్ర దర్శకుడు బాపు జననం.
* డిసెంబరు 15, 1952: పొట్టి శ్రీరాములు మరణం.

1952: పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ

నేపథ్యం

తెలుగు జిల్లాలను మదరాసు నుండి వేరుచేయాలన్న కోరిక 20 వ శతాబ్ది రెండవ దశకం నుండి ఆంధ్రోద్యమంగా రూపు దిద్దుకొన్నది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మూడు చిక్కుల వలన అది నిలిచిపోయింది. మొదటిది, మదరాసు నగరం ఎవరికి చెందాలన్న వివాదం. రెండవది, కోస్తా జిల్లాలు తమను మించిపోతాయేమోనన్న రాయలసీమ వాసుల అనుమానం. దీనిని తొలగించడానికి 1937 నవంబరు 16 న శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. మూడవది, ఒక్క భాషకు రాష్ట్రమిస్తే మిగిలిన వారందరూ అడుగుతారన్న కేంద్ర నాయకత్వపు భయం. దేశ విభజన గాయం మానకముందే మరల సరిహద్దులు గీయడానికి ఢిల్లీ నాయకులు వెనుకాడారు.

జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయి పటేల్, పట్టాభి సీతారామయ్య సభ్యులుగా గల జె.వి.పి. సంఘం 1949 లో ఇచ్చిన నివేదిక, మదరాసు నగరంపై హక్కు వదులుకొంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పరచవచ్చునని సూచించింది. అయినా పని ముందుకు సాగలేదు. 1951 లో స్వామి సీతారాంగా పేరొందిన గొల్లపూడి సీతారామశాస్త్రి 35 రోజులు ఉపవాసం చేసి, వినోబా భావే కోరిక మేరకు విరమించాడు. 1952 సాధారణ ఎన్నికలలో తెలుగు జిల్లాలలో కాంగ్రెసు బాగా దెబ్బతిన్నది. ప్రజలలో పేరుకొన్న అసంతృప్తికి ఇది ఒక గుర్తు.

దీక్ష

శ్రీరాములు 1901 మార్చి 16 న మదరాసులో జన్మించాడు. ఆయన పూర్వులది నెల్లూరు ప్రాంతం. బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి కొంతకాలం రైల్వేలో ఉద్యోగం చేశాడు. భార్య, బిడ్డ మరణించిన తరువాత ఉద్యోగం విడిచి గాంధీజీ సబర్మతి ఆశ్రమంలో చేరాడు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళాడు. 1946 లో నెల్లూరు మూలపేటలోని వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజనులకు ప్రవేశం కల్పించాలని నిరాహారదీక్ష చేశాడు. కావున 1952 నాటి దీక్ష ఆయనకు మొదటిది కాదు. ఉపవాసాన్ని ఆయన బెదిరింపుగా గాక, గాంధేయ సత్యాగ్రహంలో చివరి సాధనంగా భావించాడు.

1952 అక్టోబరు 19 న మదరాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తి గృహంలో ఆయన దీక్ష ప్రారంభించాడు. మొదటి వారాలలో ప్రభుత్వాలు దానిని పెద్దగా పట్టించుకోలేదు. కాంగ్రెసు నాయకులలోను చాలామంది దూరంగా ఉండిపోయారు. నవంబరు గడచి డిసెంబరు వచ్చేసరికి ఆయన ఆరోగ్యం క్షీణించింది, తెలుగు జిల్లాలలో ఆందోళన తీవ్రమైంది. డిసెంబరు 12 న నెహ్రూ మదరాసు ముఖ్యమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారికి లేఖ వ్రాస్తూ, ఆంధ్రుల కోరికను అంగీకరించవలసిన సమయం వచ్చినదన్న అభిప్రాయం వెలిబుచ్చాడు. కాని ఆ అభిప్రాయం బహిరంగ ప్రకటనగా మారకముందే, డిసెంబరు 15 రాత్రి, దీక్ష 58 వ రోజున శ్రీరాములు మరణించాడు.

పర్యవసానం

మరణవార్త వ్యాపించగానే తెలుగు జిల్లాలలో హర్తాళ్ళు, రైళ్ళ ఆపివేత, ప్రభుత్వ ఆస్తులపై దాడులు జరిగినవి. పలుచోట్ల పోలీసు కాల్పులలో ప్రాణనష్టం సంభవించింది. నాలుగు రోజుల తరువాత, డిసెంబరు 19 న, మదరాసు నగరం లేకుండా ఆంధ్ర రాష్ట్రాన్ని ఏర్పాటు చేస్తామని నెహ్రూ పార్లమెంటులో ప్రకటించాడు. రాష్ట్ర ఏర్పాటులోని ఆర్థిక, పరిపాలనా సమస్యలను పరిశీలించడానికి న్యాయమూర్తి కైలాస్‌నాథ్ వాంఛూ నియమితుడయ్యాడు. 1953 అక్టోబరు 1 న 11 జిల్లాలు, బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కలిసి కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. టంగుటూరి ప్రకాశం మొదటి ముఖ్యమంత్రి. శ్రీబాగ్ ఒడంబడిక స్ఫూర్తితో రాజధాని రాయలసీమకు లభించగా, హైకోర్టు 1954 లో గుంటూరులో నెలకొన్నది.

ఈ పరిణామం ప్రభావం దేశమంతటా కనిపించింది. ఇతర భాషల వారి కోరికలు బలపడగా 1953 డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం ఏర్పడింది.

1955: నాగార్జునసాగర్ శంకుస్థాపన

1955 డిసెంబరు 10 న నెహ్రూ కృష్ణానదిపై నందికొండ వద్ద నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. ఆనాటి రాజకీయ పరిస్థితిని గుర్తుంచుకొంటే ఈ సంఘటన ప్రాముఖ్యం తెలుస్తుంది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ లేదు. నదికి కుడివైపున ఆంధ్ర రాష్ట్రం, ఎడమవైపున హైదరాబాదు రాష్ట్రం ఉండేవి. ఆంధ్రకు బెజవాడ గోపాలరెడ్డి, హైదరాబాదుకు బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రులు. అదే సంవత్సరం సెప్టెంబరు 30 న నివేదిక సమర్పించిన ఫజల్ అలీ సంఘం, తెలంగాణను కొంతకాలం హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలపవచ్చునని సూచించింది. విశాలాంధ్ర ఏర్పడుతుందో లేదో తేలక ముందే రెండు రాష్ట్రాలు ఒకే ఆనకట్టకు సిద్ధపడినవన్నమాట.

ఈ స్థలాన్ని ఎన్నుకొనేలా ప్రభుత్వాలను ఒప్పించడంలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ చేసిన కృషి ప్రసిద్ధమైనది. ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు, గేట్లు 26, జలాశయపు పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ప్రధానంగా రాతితో నిర్మించిన ఈ ఆనకట్ట పనిలో వేలాది కూలీలు పాల్గొన్నారు. 1967 ఆగస్టు 4 న ప్రధానమంత్రి ఇందిరా గాంధీ కాలువలకు నీటిని విడుదల చేసింది. కుడికాలువకు జవహర్ కాలువ అని, ఎడమకాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేర్లు. రెండింటి కింద సుమారు 22 లక్షల ఎకరాల ఆయకట్టు ప్రతిపాదించబడింది. పల్నాడు, నల్లగొండ, ఖమ్మం ప్రాంతాలలోని మెట్ట భూములు అనేకం దీని వలన మాగాణిగా మారాయి.

ఇందుకు చెల్లించిన మూల్యం కూడా ఉన్నది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, నాగార్జునకొండ లోయలోని బౌద్ధ స్తూపాలు, విహారాలు జలాశయంలో మునిగిపోయాయి. ముంపునకు ముందు 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖ ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో విస్తృతంగా త్రవ్వకాలు జరిపింది. ముఖ్యమైన శిథిలాలను కొండపైకి తరలించి పునర్నిర్మించారు. ఆ కొండ నేడు జలాశయం నడుమ ద్వీపంగా ఉన్నది. అక్కడి మ్యూజియంలో శిల్పాలు, అవశేషాలు చూడవచ్చును. లోయలోని గ్రామాల ప్రజలు సొంత ఊళ్ళు విడిచిపోయారు.

1973: రాష్ట్రపతి పాలన ముగింపు

1973 డిసెంబరు 10 న జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా పదవి చేపట్టడంతో సుమారు 11 నెలల రాష్ట్రపతి పాలన ముగిసింది.

1956 ఫిబ్రవరి 20 న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ వారికి ఉద్యోగాలు, విద్య, నిధుల విషయంలో రక్షణలు కల్పించబడినవి. అవి సరిగా అమలు కాలేదన్న ఆవేదనతో 1969 లో తెలంగాణ ఉద్యమం చెలరేగింది. 1972 అక్టోబరు 3 న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పునివ్వగా, రాజధానిలో తాము పరాయివారమవుతామన్న భావంతో కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఒకే సమస్యపై మూడేళ్ళ వ్యవధిలో రెండు ప్రాంతాలు వేర్వేరు కారణాలతో విడిపోవాలని కోరినవి. 1973 జనవరిలో పి.వి.నరసింహారావు ప్రభుత్వం వైదొలగి రాష్ట్రపతి పాలన వచ్చింది.

1973 సెప్టెంబరు 21 న ఆరు సూత్రాల పథకం ప్రకటించబడింది. దానిని అనుసరించి 32 వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 371-డి, 371-ఇ అధికరణాలు చేరాయి. ముల్కీ నిబంధనల స్థానంలో రాష్ట్రమంతటికీ వర్తించే స్థానిక అభ్యర్థుల విధానం ఏర్పడింది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉద్యోగాల కొరకు రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విభజించింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం స్థాపనకు 371-ఇ అధికరణమే ఆధారం.

ఖమ్మం జిల్లా రాజకీయాల నుండి ఎదిగిన వెంగళరావు 1978 మార్చి వరకు పదవిలో ఉన్నాడు. 1975 లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు ఆయన ప్రభుత్వ కాలంలోనే జరిగినవి. రెండు ఉద్యమాల తరువాత తెలుగువారి ఐక్యతను చాటడం ఆ సభల ఆశయాలలో ఒకటి.

1994: మద్యనిషేధ వాగ్దానం

1994 డిసెంబరు 12 న ఎన్.టి.రామారావు మరల ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశాడు. 294 స్థానాలు గల శాసనసభలో తెలుగుదేశం పార్టీ ఒంటరిగానే 216 గెలుచుకొనగా, కాంగ్రెసుకు 26 మాత్రమే దక్కినవి.

ఈ ఫలితం వెనుక నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఉన్నది. 1990 ల ఆరంభంలో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడులకు వచ్చిన గ్రామీణ స్త్రీలు, పాఠాలలోని కథలను తమ ఇళ్ళలోని పరిస్థితితో పోల్చుకొని చర్చించారు. మగవారి కూలి డబ్బు సారా అంగడికి పోవడాన్ని ప్రశ్నించారు. రోశమ్మ వంటి సామాన్య స్త్రీలు ముందు నిలవగా 1992 నాటికి ఉద్యమం అనేక జిల్లాలకు పాకింది. 1993 అక్టోబరు 1 నుండి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది. సంపూర్ణ మద్యనిషేధం, కిలో రెండు రూపాయల బియ్యం రామారావు చేసిన ప్రధాన వాగ్దానాలు. ప్రమాణ స్వీకారం రోజునే ఆయన మద్యనిషేధ దస్త్రంపై సంతకం చేశాడు. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ నిషేధం అమలులోకి వచ్చింది. ఆదాయం తగ్గడం, దొంగ రవాణా పెరగడం కారణాలుగా చూపి 1997 లో, నారా చంద్రబాబునాయుడు ప్రభుత్వ కాలంలో, నిషేధాన్ని ఎత్తివేశారు.

2009: తెలంగాణపై ప్రకటన

2009 సెప్టెంబరు 2 న ముఖ్యమంత్రి వై.యస్.రాజశేఖరరెడ్డి హెలికాప్టరు ప్రమాదంలో మరణించాడు. కె.రోశయ్య ముఖ్యమంత్రి అయ్యాడు. అక్టోబరులో సుప్రీంకోర్టు 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని 14(ఎఫ్) నిబంధనను సమర్థించింది. హైదరాబాదు నగర పోలీసు ఉద్యోగాలకు స్థానిక రిజర్వేషను వర్తించదన్నది దాని సారాంశం. 1973 లో పరిష్కరించామనుకొన్న సమస్య 36 ఏళ్ళ తరువాత మరల ఉద్యమానికి కారణమైంది.

నవంబరు 29 న తెలంగాణ రాష్ట్ర సమితి అధ్యక్షుడు కల్వకుంట్ల చంద్రశేఖరరావు సిద్ధిపేటలో నిరాహారదీక్ష చేయడానికి కరీంనగర్ నుండి బయలుదేరగా అలుగునూరు వద్ద అరెస్టు చేసి ఖమ్మం జైలుకు తరలించారు. అక్కడే దీక్ష ప్రారంభించిన ఆయనను తరువాత హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రికి చేర్చారు. ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఉద్యమానికి ముందు నిలిచారు. ఆత్మాహుతికి పాల్పడిన విద్యార్థి శ్రీకాంతాచారి డిసెంబరు 3 న మరణించాడు. డిసెంబరు 10 న శాసనసభ ముట్టడికి పిలుపు వెలువడింది. 9 వ తేదీ రాత్రి చిదంబరం ఢిల్లీలో ప్రకటన చేశాడు. తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని, రాష్ట్ర శాసనసభలో తగిన తీర్మానం ప్రవేశపెట్టబడుతుందని దాని సారాంశం. 11 వ రోజున దీక్ష ముగిసింది.

మరునాటి నుండి కోస్తా, రాయలసీమ శాసనసభ్యులు పెద్ద సంఖ్యలో రాజీనామాలు సమర్పించారు. సమైక్యాంధ్ర ఉద్యమం ఆరంభమైంది. డిసెంబరు 23 న, విస్తృత సంప్రదింపులు అవసరమని కేంద్రం మరొక ప్రకటన చేసింది. 2010 లో శ్రీకృష్ణ కమిటీ నియమించబడి ఆ సంవత్సరాంతంలో ఆరు ప్రత్యామ్నాయాలతో నివేదిక ఇచ్చింది. 2014 జనవరి 30 న రాష్ట్ర శాసనసభ పునర్వ్యవస్థీకరణ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. అయినా రాజ్యాంగం 3 వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోరడం తప్పనిసరి గాని దానికి కట్టుబడడం తప్పనిసరి కాదు. ఫిబ్రవరి 18 న లోక్‌సభ, 20 న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. 2014 జూన్ 2 న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది.

ఇతర సంఘటనలు

* 1933 డిసెంబరు 15: బాపుగా ప్రసిద్ధుడైన సత్తిరాజు లక్ష్మీనారాయణ జన్మించాడు. ఆయన గీసిన బొమ్మలు, ఆయన చేతివ్రాత తెలుగు పత్రికలకు, పుస్తకాలకు ఒక ప్రత్యేక రూపాన్నిచ్చాయి. 2014 ఆగస్టు 31 న మరణించాడు.
* 2018 డిసెంబరు 11: తెలంగాణ శాసనసభ ఎన్నికలలో 119 స్థానాలకు తెలంగాణ రాష్ట్ర సమితి 88 గెలిచింది. చంద్రశేఖరరావు డిసెంబరు 13 న రెండవసారి ముఖ్యమంత్రి అయ్యాడు.
* 2024 డిసెంబరు 9: హైదరాబాదులో తెలంగాణ సచివాలయ ప్రాంగణంలో తెలంగాణ తల్లి విగ్రహావిష్కరణ జరిగింది. 2009 నాటి ప్రకటన తేదీ కూడా ఇదే.

తేదీలలో గమనించవలసినవి

విద్యార్థులు ఈ క్రింది విషయాలలో తరచు పొరబడుతుంటారు.

* పొట్టి శ్రీరాములు దీక్ష చేసినది ఆంధ్ర రాష్ట్రం కొరకు. ఆంధ్రప్రదేశ్ ఆయన మరణించిన దాదాపు నాలుగేళ్ళకు ఏర్పడింది.
* 1952 డిసెంబరు 15 మరణ దినం. 19 ప్రకటన దినం. 1953 అక్టోబరు 1 రాష్ట్రావతరణ దినం.
* ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలు. హైదరాబాదు రాజధాని అయినది 1956 నవంబరు 1 నుండి.
* 2009 డిసెంబరు 9 ప్రకటన తేదీ మాత్రమే. తెలంగాణ అవతరణ దినం జూన్ 2.

ప్రకటన నుండి అమలు వరకు

ఈ వారంలో ఆరంభమైన పనులు పూర్తి కావడానికి పట్టిన కాలం ఒకే తీరుగా లేదు. శ్రీరాములు మరణం తరువాత వెలువడిన ప్రకటన తొమ్మిదిన్నర నెలలలో రాష్ట్రంగా రూపొందింది. 2009 నాటి ప్రకటనకు దాదాపు నాలుగున్నరేళ్ళు పట్టింది. 1952 లో మదరాసు నగరం మినహాయించబడడం వలన ప్రధాన వివాదం ముందే తెగిపోయింది. 2009 లో హైదరాబాదు నగరం, నదీజలాలు, ఉద్యోగాలు అన్నీ తేలవలసి ఉన్నవి. సాగర్ శంకుస్థాపనకు, కాలువలలో నీటి విడుదలకు మధ్య 11 సంవత్సరాల 8 నెలలు గడిచాయి. మద్యనిషేధం ప్రమాణ స్వీకారం తరువాత 35 రోజులకే అమలైనా రెండేళ్ళకు మించి ఎంతో కాలం నిలువలేదు.

1955 లో రెండు రాష్ట్రాల నడుమ మొదలైన నాగార్జునసాగర్ 1956 నుండి ఒకే రాష్ట్రానికి చెంది, 2014 లో మరల రెండు రాష్ట్రాల సరిహద్దుపైకి వచ్చింది. కుడిగట్టు ఆంధ్రప్రదేశ్ లోను, ఎడమగట్టు తెలంగాణలోను ఉన్నవి. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి కేటాయించిన 811 టి.ఎం.సి.ల కృష్ణా జలాలను 2015 లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్ కు 512, తెలంగాణకు 299 చొప్పున పంచారు. 2023 నవంబరు చివర ఆనకట్టపై రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా మోహరించగా, కేంద్రం జోక్యం చేసుకొని కేంద్ర బలగాలను కాపలా ఉంచింది.

పొట్టి శ్రీరాములు స్మృతిగా 2008 లో నెల్లూరు జిల్లాకు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని పేరు పెట్టారు. 1985 లో హైదరాబాదులో స్థాపించబడిన తెలుగు విశ్వవిద్యాలయం దీర్ఘకాలం ఆయన పేరుతోనే నడిచింది. తెలంగాణ ప్రభుత్వం 2025 లో దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. డిసెంబరు 15 న ఆంధ్రప్రదేశ్ లో శ్రీరాములుకు నివాళులర్పిస్తారు. డిసెంబరు 9 ని తెలంగాణలో 2009 నాటి ప్రకటనతో గుర్తుచేసుకొంటారు.